నడినెత్తి జుట్టు కోసం కర్నూలు దాకా

నాకు 23 ఏళ్ళు. నడినెత్తిన సుడి దగ్గర జుట్టు పలచబడి లోపలి చర్మం కనిపిస్తోందని మొదట చెప్పింది మా వీధి కటింగ్ షాపు ఆయన. ముందు వైపు బాగానే ఉంది, అద్దంలో చూసుకుంటే ఏమీ తెలీదు, ఫోన్ నెత్తి మీద పెట్టి ఫోటో తీస్తేనే బయటపడుతుంది. ఆ ఫోటో చూసినప్పటి నుంచి టెన్షనే టెన్షన్. ఇంట్లో అప్పుడే పెళ్ళి మాటలు మొదలయ్యాయి, దానికి తోడు మా నాయనకు ముప్పై దాటేసరికే బట్టతల వచ్చింది.

ఆ టెన్షన్లోనే పెద్ద ఊళ్ళో జుట్టు నాటే ఆపరేషన్లు (హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్) చేసే ఒక క్లినిక్‌కు ఫోటోలు పంపాను. నన్ను చూడలేదు, రక్త పరీక్ష అడగలేదు, గంటలోపే ఫోన్ చేసి నడినెత్తికి రెండున్నర వేల గ్రాఫ్టులు, అంటే తల వెనక నుంచి తీసి నాటే కుదుళ్ళు, పడతాయి, ఈ నెలాఖరు లోపల అడ్వాన్సు కడితే డిస్కౌంటు, మిగతాది ఈఎమ్ఐ అన్నారు. మా అమ్మ చీటీ డబ్బులు ఎత్తి ఇస్తానంది. మా చిన్నాయన మాత్రం, 'తొందరెందుకురా అబ్బీ, కర్నూల్లో నాకు తెలిసిన చర్మం డాక్టరమ్మ ఉంది, ఆమె కూడా ఈ ఆపరేషన్లు చేస్తుంది, ఒకసారి చూపిద్దాం పా, తర్వాత చేయించుకుంటావో మానుకుంటావో నీ ఇష్టం' అన్నాడు.

కడప నుంచి కర్నూలు దాదాపు 200 కిలోమీటర్లు. తెల్లవారకముందే ఆర్టీసీ బస్సెక్కాం. మైదుకూరు దాటాక దువ్వూరు, చాగలమర్రి మీదుగా పోతుంటే కేసీ కాలువ కింద చేలన్నీ నీళ్ళతో నిండి ఉన్నాయి, ఆడవాళ్ళు వరుసగా వంగి వరినాట్లు వేస్తున్నారు. ఈ దారిలో పచ్చదనం కాలువకు నీళ్ళొచ్చిన ఏడే చూడాలి. ఆళ్ళగడ్డలో రోడ్డు పక్కనే శిల్పులు ఉలి పట్టుకుని కూర్చున్నారు, సగం చెక్కిన విగ్రహాలు దుమ్ములో నిలబడి ఉన్నాయి. నంద్యాలలో దిగి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. ఉగ్గాని మా కడపలోనూ దొరుకుతుంది కానీ అటు పోయేకొద్దీ రుచి పెరుగుతుందని నా గట్టి నమ్మకం. ఓర్వకల్లు రాళ్ళు కిటికీలోంచి చూస్తూ, క్లినిక్ వాళ్ళ మెసేజీలు మళ్ళీ మళ్ళీ చదువుకుంటూ కర్నూలు చేరాను.

ఎన్.ఆర్.పేటలో అడుగుకో ఆసుపత్రి. డాక్టరమ్మ దగ్గర చాలాసేపు కూర్చోవాల్సి వచ్చింది, కానీ లోపలికి పోయాక ఆమె తొందరపడలేదు. ఈ మధ్య టైఫాయిడ్, డెంగ్యూ లాంటి జ్వరాలేమైనా వచ్చాయా, బరువు ఒక్కసారిగా తగ్గావా, జిమ్‌లో ఇంజెక్షన్లు గానీ తీసుకున్నావా అని అడిగింది. జ్వరం వచ్చి పోయిన రెండు మూడు నెలలకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలుతుందట, అది చాలావరకు దానంతటదే తిరిగొస్తుంది, దానికి ఆపరేషన్‌తో పనే లేదు. తర్వాత మా నాయన తల, మేనమామల తలలు ఎలా ఉంటాయని అడిగింది. బట్టతల తల్లి వైపు నుంచే వస్తుందని మా ఇళ్ళల్లో అంటారు గానీ రెండు వైపుల నుంచీ రావచ్చని ఆమె చెప్పింది. మా చిన్నాయన ఊరుకోకుండా, 'మా బోరు నీళ్ళ వల్లేమో మేడమ్' అన్నాడు. ఉప్పు నీళ్ళకు జుట్టు గరుకవుతుందే గానీ ఇలా సుడి దగ్గర మొదలై పలచబడడానికి కారణం అది కాదంది.

చిన్న కెమెరా లాంటిది నెత్తి మీద ఆనించి టీవీలో చూపించింది. అది చూడడం నాకు చాలా కష్టమైంది, అయినా చూడాల్సిందే అనిపించింది. తల వెనక భాగంలో ఒక్కో రంధ్రం నుంచి రెండు మూడు వెంట్రుకలు, అన్నీ ఒకే మందంతో ఉన్నాయి. నడినెత్తిన మాత్రం లావువి, సన్నవి కలిసిపోయి, చాలా చోట్ల రంధ్రానికి ఒక్కటే, అదీ నూగులా. డీహెచ్‌టీ అనే హార్మోన్ వల్ల అక్కడి కుదుళ్ళు ఏటికేడు చిన్నవైపోతాయట. వెనక, చెవుల పక్కన ఉన్న కుదుళ్ళు ఆ హార్మోన్‌కు అంతగా లొంగవు. వెనక నుంచి తీసి పైన నాటితే అవి తమ గుణం తమతోనే తెచ్చుకుంటాయి, న్యూయార్క్‌లో నార్మన్ ఒరెంట్రైక్ అనే డాక్టరు 1950లలో చూపించింది ఇదే, ఈనాటి ట్రాన్స్‌ప్లాంట్లన్నీ దాని మీదే నడుస్తున్నాయి.

'మరి నాకు చేసేయండి మేడమ్' అన్నాను. ఆమె పెన్ను కింద పెట్టి, 'వచ్చే దారిలో నాట్లు చూశావు కదా' అంది. 'నీ తల వెనక ఉన్నది నారుమడి. ఒకసారి పీకిన నారు ఆ మడిలో మళ్ళీ మొలవదు. నడినెత్తి చేను ఎంత దాకా పెరుగుతుందో 23 ఏళ్ళప్పుడు ఎవరికీ తెలీదు. ఇప్పుడు మధ్యలో నాటేసి, నలభై ఏళ్ళకు దాని చుట్టూ ఉన్న జుట్టంతా పోయిందనుకో, మధ్యలో కుచ్చు, చుట్టూ బోడి. అప్పటికి ముందు వైపు కూడా పోతే నాటడానికి నారు మిగలదు.'

ఇంత ముఖ్యమైన మాట ఆ క్లినిక్ వాళ్ళు ఒక్కసారి కూడా చెప్పలేదు. ముఖానికి అందం తెచ్చేది ముందు వైపు జుట్టు, నడినెత్తి మాత్రం గుండ్రంగా తిరిగే సుడి కాబట్టి ఎన్ని గ్రాఫ్టులు వేసినా పలచగానే కనిపిస్తుంది, ఫలితం కూడా అన్నిటికన్నా ఆలస్యంగా వస్తుంది. నాటిన వెంట్రుకలు మొదటి నెలలోనే చాలావరకు రాలిపోతాయి, మూడు నాలుగు నెలలకు కొత్తవి మొదలవుతాయి, పూర్తిగా తెలియడానికి ఏడాది, నడినెత్తికైతే ఏడాదిన్నర దాకా పట్టొచ్చు. పైగా ఆపరేషన్ చేయించుకున్నా మందులు తప్పవు, ఎందుకంటే నాటని చోట ఉన్న సొంత జుట్టు పలచబడుతూనే ఉంటుంది.

మందులు అంటే రెండు. ఒకటి ఫినాస్టెరైడ్ మాత్ర, రోజుకు ఒక మిల్లీగ్రాము. మగవాళ్ళ బట్టతలకు అమెరికాలో దీనికి 1997లో అనుమతి వచ్చింది. రెండోది మినాక్సిడిల్ 5 శాతం, నెత్తికి రాసుకునేది, మొదట్లో బీపీ మాత్రగా వాడుతుంటే ఒంటి మీద జుట్టు పెరుగుతోందని గమనించి ఇటు తెచ్చారు. ఇవి బాగా పనిచేసే చోటు నడినెత్తేనని వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మినాక్సిడిల్ మొదలెట్టిన కొత్తలో జుట్టు ఇంకా ఎక్కువ రాలొచ్చు, భయపడి ఆపేయొద్దు, ఆరు నెలలకు ముందు ఏమీ తేల్చుకోవద్దు అంది. ఫినాస్టెరైడ్ వల్ల కొద్దిమందిలో కోరిక తగ్గడం, మనసు దిగులుగా ఉండడం జరగొచ్చని కూడా దాచకుండా చెప్పి, అలాంటిది ఏది అనిపించినా వెంటనే ఫోన్ చేయమంది. మానేస్తే వచ్చిన లాభం ఏడాదిలోపే పోతుందట. ఇది చిన్న విషయం కాదు, ఏళ్ళ తరబడి మాత్ర వేసుకోవాలంటే మనిషి ఆలోచించాలి, నేను ఆ రోజు వెంటనే ఒప్పుకోలేదు. థైరాయిడ్, ఐరన్ పరీక్షలకు రక్తం ఇచ్చి బయటికొచ్చాం.

బస్సుకు టైముందని కొండారెడ్డి బురుజు దాకా నడిచాం. ఎండ మండిపోతోంది. బురుజు నీడలో నిలబడి చిన్నాయన, 'నాకు ఇరవై అయిదేళ్ళకే పోయింది రా, మీ పిన్నమ్మ నన్ను అలాగే చేసుకుంది' అన్నాడు. నాకు ఆ మాటతో బాధ పోలేదు, ఆయనకూ ఆ సంగతి తెలుసు. జుట్టు పోవడం చిన్న బాధేనని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కానీ ఆ బాధలో ఉన్న కుర్రవాడికి నెలాఖరు గడువు పెట్టి, జీవితాంతం సరిపోవాల్సిన నారు ఒక్క పూటలో పీకేయడం అన్యాయం, ఈ మాట నేను ఎవరి ముందైనా అంటాను.

రిపోర్టులు మామూలుగానే వచ్చాయి. అమ్మతో, నాయనతో మాట్లాడాక మందులు మొదలుపెట్టాను. చీటీ డబ్బులు చీటీలోనే ఉన్నాయి. నెలకోసారి ఒకే వెలుతురులో, తల ఆరిపోయాక ఫోటో తీసి పెట్టుకోమంది డాక్టరమ్మ, అలాగే చేస్తున్నాను. ముప్పై దగ్గరపడ్డాక, పలచబడడం ఒక చోట ఆగిందని తేలాక ఆపరేషన్ గురించి ఆలోచించొచ్చంది. అప్పుడు కూడా వెనక నుంచి కుదుళ్ళు ఎవరు తీస్తారు, అవి నాటడానికి నెత్తి మీద గాట్లు ఎవరు పెడతారు, డాక్టరా లేక పనివాళ్ళా అని ముందే అడగమంది. యూట్యూబ్ వీడియోలు చూసి నేర్చుకోవడం ఈ ఆపరేషన్‌కు శిక్షణ కిందికి రాదని 2022లో జాతీయ వైద్య కమిషనే చెప్పాల్సి వచ్చింది, బయట పరిస్థితి ఎలా ఉందో దాన్ని బట్టే తెలుస్తుంది.

జమ్మలమడుగులో మా ఫ్రెండొకడికి 21 ఏళ్ళు, వాడిదీ నా సమస్యే, అడ్వాన్సు కట్టడానికి సిద్ధంగా ఉన్నాడు. వాడికి డాక్టరమ్మ అడ్రసు ఇచ్చి, వాళ్ళ నాయననూ, కుదిరితే మేనమామనూ వెంట తీసుకుపొమ్మని చెప్పాను, వాళ్ళ తలలు కూడా ఆమె చూడాలి కదా.