మూడు జాకుల మదర్‌బోర్డు, 5.1 స్పీకర్లు: ఇప్పటిదాకా తేలింది

సెటప్ ఇదీ: రియల్‌టెక్ ఏఎల్‌సీ897 చిప్ ఉన్న మదర్‌బోర్డు, వెనక మూడే ఆడియో జాకులు, విండోస్ 11. దానికి వెనక ఆరు ఆర్‌సీఏ (గుండ్రటి ఆడియో పిన్ను పట్టే) సాకెట్లున్న మామూలు 5.1 హోమ్ థియేటర్ సెట్, అంటే ముందు రెండు, వెనక రెండు, మధ్యలో సెంటర్ కలిపి ఐదు స్పీకర్లు, బేస్‌కి ఒక సబ్‌వూఫర్. మధ్యలో 3.5 మి.మీ. స్టీరియో పిన్ను నుంచి రెండు ఆర్‌సీఏలుగా చీలే కేబుళ్లు మూడు. మొదట్లో పరిస్థితి: వెనక స్పీకర్లు మూగ, సినిమాలో మాటలు సబ్‌వూఫర్‌లోంచి గొణుగుడుగా రావడం, పైపెచ్చు ఆగకుండా హమ్, అంటే గుంయ్‌మనే మోత.

ఇలాంటప్పుడు అందరి చెయ్యీ ముందు డ్రైవర్ మీదికే పోతుంది. నిజానికి మొదలుపెట్టాల్సింది స్పీకర్ దగ్గర. అక్కణ్ణుంచి యాంప్, కేబుల్, జాక్, విండోస్, ప్లేయర్, ఫైల్ అనే వరసలో వెనక్కి రావాలి. స్పీకరూ యాంపూ బాగున్నాయని తేలకుండా సెట్టింగులు మారుస్తూ పోతే ఏ మార్పుకి ఏ ఫలితం వచ్చిందో తెలియదు.

స్పీకర్లు, యాంప్: పూర్తయింది

మల్టీమీటర్‌ని 200 ఓమ్ రేంజ్‌లో పెట్టి, యాంప్ ఆపేసి, స్పీకర్ వైర్లు విప్పి కొలవాలి. 4 ఓమ్ స్పీకర్ దాదాపు 3.2 నుంచి 3.8 దాకా, 8 ఓమ్‌ది 6 నుంచి 7 దాకా చూపిస్తుంది. ఏమీ చూపించకపోతే వాయిస్ కాయిల్ కాలినట్టో, లోపల వైరు తెగినట్టో. చవక మీటర్‌లో ప్రోబ్‌ల నిరోధమే అర ఓమ్ దాకా ఉండొచ్చు. అందుకే ముందు రెండు ప్రోబ్‌లూ ఆనించి ఎంత వస్తుందో చూసి, దాన్ని తీసేయాలి.

పోలారిటీకి, అంటే ప్లస్ మైనస్ వైర్లు సరిగా ఉన్నాయో లేదో చూడ్డానికి, పెన్సిల్ సెల్ చాలు. ప్లస్ ఎర్ర వైరుకి, మైనస్ నల్ల వైరుకి క్షణం పాటు తాకిస్తే కోన్ బయటికి రావాలి. లోపలికి పోతే ఎక్కడో వైర్లు తిరగబడ్డాయి. ఒక జత స్పీకర్లలో ఒకటి తిరగబడితే శబ్దం ఆగదు గానీ బేస్ పలచబడుతుంది, శబ్దం ఎటువైపు నుంచి వస్తోందో తెలియకుండా పోతుంది. చాలామంది దీన్ని నాసిరకం స్పీకర్ అనుకుని వదిలేస్తారు.

యాంప్‌కి పరీక్ష ఇంకా తేలిక. ఫోన్ నుంచో కంప్యూటర్ ఆకుపచ్చ జాక్ నుంచో పాట పెట్టి, అదే కేబుల్‌ని ఆరు సాకెట్లకూ రెండేసి చొప్పున మార్చి చూడాలి. ఒక్కో జత సాకెట్లకి ఆయా స్పీకర్లే మోగాలి. ఇక్కడ ఇన్‌పుట్ మోడ్ ముఖ్యం. ఆక్స్‌లో ఉంటే చాలా సెట్లు రెండు ఛానెళ్లనే అన్ని స్పీకర్లకీ పంచుతాయి. అన్నీ మోగుతున్నాయి కదా అని సంతోషిస్తే అది సరౌండ్ కాదు. రిమోట్‌తో 5.1కి గానీ, డీవీడీ లేదా ఏసీ3 అని రాసి ఉన్న మోడ్‌కి గానీ మార్చాలి. ఏసీ3 డాల్బీ డిజిటల్‌కి ఇంకో పేరే గానీ, అది చూసి కుదించిన శబ్దాన్ని విప్పే డాల్బీ డీకోడర్ లోపల ఉందనుకోకూడదు. ఆప్టికల్ సాకెట్ లేని ఇలాంటి సెట్లలో అవి ఉత్త ఆరు అనలాగ్ ఇన్‌పుట్లే.

కేబుల్, జాక్: ఎక్కువ పని ఇక్కడే

మాటలూ గాత్రమూ మాయమై సంగీతం మాత్రం దూరం నుంచి వస్తున్నట్టు వినిపిస్తే, ముందు పిన్ను పూర్తిగా దిగిందా లేదా చూడాలి. లావు మౌల్డింగ్ ఉన్న పిన్నులు క్యాబినెట్ వెనక రేకుకి తగిలి ఒక మిల్లీమీటర్ బయటే ఆగిపోతాయి. అప్పుడు గ్రౌండ్ తెగి, ఎడమ కుడి సిగ్నళ్ల మధ్య తేడా మాత్రమే వినబడుతుంది. గాత్రం రెండిట్లోనూ సమానంగా ఉంటుంది కాబట్టి అదే పోతుంది. మౌల్డింగ్‌ని కాస్త చెక్కినా సరే, సన్న పిన్ను ఉన్న కేబుల్ కొన్నా సరే. హైదరాబాద్‌లోనైతే కోఠి గుజరాతీ గల్లీలో ఇలాంటి కేబుళ్లు దొరుకుతాయి. కొనేటప్పుడు పిన్ను మీద నల్ల గీతలు రెండే ఉన్నాయో లేదో చూసుకోవాలి. మూడుంటే అది మైక్ కూడా కలిసిన ఫోన్ రకం, ఇక్కడ పనికిరాదు.

ఐదారు జాకులున్న బోర్డుల్లో రంగులు స్థిరం: ఆకుపచ్చ ముందు జత, నలుపు వెనక జత, నారింజ సెంటర్, సబ్. మూడు జాకుల బోర్డులో నీలం మామూలుగా లైన్ ఇన్, గులాబీ మైక్. 5.1 కావాలంటే నీలాన్ని వెనక స్పీకర్లకి, గులాబీని సెంటర్, సబ్‌కి మార్చుకోవాలి. ఈ మార్పు చేసేది రియల్‌టెక్ ఆడియో కన్సోల్ అనే యాప్. పిన్ను పెట్టగానే ఏం పెట్టారని అడిగే పెట్టె వస్తుంది, అందులో రియర్ స్పీకర్ అవుట్, తర్వాతి దానికి సెంటర్ సబ్‌వూఫర్ అవుట్ ఎంచుకోవాలి. ఆ పెట్టె రాకపోతే కన్సోల్‌లో పాపప్ ఆఫ్ అయి ఉండొచ్చు. విండోస్ తనంతట తాను వేసుకునే మైక్రోసాఫ్ట్ జెనరిక్ డ్రైవర్‌కి సాధారణంగా ఈ జాక్ మార్పిడి చేతకాదు. కాబట్టి బోర్డు కంపెనీ పేజీ నుంచి ఆ మోడల్ డ్రైవరే వేయాలి. వెనక స్పీకర్ల మూగతనానికి కారణం ఇదే. మైక్ కావాలంటే ఇక ముందు ప్యానెలో యూఎస్‌బీ మైకో దిక్కు.

ఇంకొకటి: ముందు ప్యానెల్‌లో హెడ్‌ఫోన్ ఉంటే వెనక జాకులు మ్యూట్ అయ్యేలా కన్సోల్‌లో ఒక ఆప్షన్ ఉంటుంది.

గొణుగుడు సంగతి చెప్పాలంటే, సెంటరూ సబ్బూ ఒకే స్టీరియో పిన్ను మీద వస్తాయి. కొనలో ఒకటి, రింగ్‌లో ఒకటి. సెట్ తయారుచేసినవాళ్లు తిరగేసి పెట్టి ఉంటే మాటలు సబ్బుకి పోతాయి, పేలుళ్లు చిన్న సెంటర్ స్పీకర్‌లో పటపటలాడతాయి. ఆర్‌సీఏలు రెండూ అటూఇటూ మారిస్తే సరిపోతుంది. కేబుల్ రెండు చివర్లా 3.5 మి.మీ. పిన్నే అయితే కన్సోల్‌లో సెంటర్, సబ్ స్వాప్ టిక్ పెట్టాలి. రెండూ కలిపి చేస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

విండోస్

రన్‌లో ఎంఎంసిస్ డాట్ సీపీఎల్ (mmsys.cpl) కొట్టి ప్లేబ్యాక్ ట్యాబ్, స్పీకర్స్, కాన్ఫిగర్, 5.1 సరౌండ్. ఒక్కో స్పీకర్ బొమ్మ మీద నొక్కి, గదిలో ఆ మూలే మోగుతోందో లేదో చూడాలి. తర్వాతి పేజీల్లో ఫుల్ రేంజ్ టిక్‌లు, అంటే ఆ స్పీకర్‌కి లోతైన బేస్ కూడా పంపమని చెప్పేవి: అరచేతిలో పట్టే బుల్లి స్పీకర్లకి ఇవి తీసేయాలి. డ్రైవర్ అప్‌డేట్ అయినప్పుడు ఇదంతా చెప్పాపెట్టకుండా స్టీరియోకి తిరిగిపోవచ్చు, అందుకని మొన్నటిదాకా బాగానే ఉంది అన్న ఫిర్యాదు వస్తే ముందు ఇక్కడే చూడాలి.

హమ్: సగం తగ్గింది

ముందు మూడు పిన్నులూ కంప్యూటర్ నుంచి లాగేసి వినాలి. హమ్ అలాగే ఉంటే జబ్బు యాంప్‌లోనే. పవర్ సప్లై ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోతే 50 హెర్ట్జ్ కరెంటు రెక్టిఫై అయ్యాక మిగిలే 100 హెర్ట్జ్ అల వినబడుతుంది. పాత సెట్లలో పైభాగం ఉబ్బిన కెపాసిటర్ కంటికే కనిపిస్తుంది. మార్చేటప్పుడు మైక్రోఫారడ్లు అంతే ఉండాలి, వోల్టేజి అంతో అంతకంటే ఎక్కువో ఉండాలి.

పిన్నులు లాగగానే ఆగిపోతే సమస్య కంప్యూటర్‌కీ యాంప్‌కీ మధ్య గ్రౌండ్‌లో ఉంది. మన ఇళ్లలో దీని మూలం తరచూ ఎర్తింగే. సాకెట్‌లో మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక వైరే ఉండదు. అప్పుడు ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ పవర్ సప్లై) లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల క్యాబినెట్ మీదికి మెయిన్స్‌లో సగం, అంటే సుమారు 115 వోల్టులు లీకవుతుంది. కరెంటు స్వల్పమే గానీ వట్టి కాళ్లతో ముట్టుకుంటే జివ్వుమంటుంది, ఆడియో కేబుల్ షీల్డ్ గుండా పోయి హమ్మంటుంది. మల్టీమీటర్‌ని ఓమ్ రేంజ్ నుంచి ఏసీ వోల్టుల రేంజ్‌కి మార్చి కొలిస్తే, సాకెట్‌లో ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 230 వోల్టుల దగ్గర చూపించాలి, బాగా తక్కువ చూపిస్తే ఎర్త్ లేనట్టే. అక్కణ్ణుంచి ఎలక్ట్రీషియన్ పని. హమ్ తగ్గుతుందని కంప్యూటర్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు.

ఎర్త్ బాగుంటే, కంప్యూటర్‌నీ యాంప్‌నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదికి తేవాలి. యాంప్‌కి టీవీ కూడా కలిపి ఉంటే కేబుల్ టీవీ వైరు ఒకసారి పీకి చూడాలి. దాని షీల్డ్ వేరే చోట ఎర్త్ అయి లూప్ కట్టడం మామూలే. ఇక్కడ ఈ రెంటితో హమ్ సగానికి వచ్చింది. మిగిలింది మౌస్ కదిలించినప్పుడు, గేమ్ మొదలైనప్పుడు వచ్చే సన్నటి కీచు. దానికి 3.5 మి.మీ. గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ వేయాలి, మూడు కేబుళ్లకి మూడు. చవక ఐసొలేటర్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ లోతైన బేస్‌ని మింగేస్తుంది కాబట్టి సెంటర్, సబ్ కేబుల్‌కి చివర పెట్టి, అవసరమైతేనే ఉంచాలి.

ఫైల్

అన్నీ సరిచేశాక కూడా వెనక స్పీకర్లు మౌనంగా ఉంటే, ఆడుతున్నది స్టీరియో కావచ్చు. పాటలు దాదాపు అన్నీ స్టీరియోనే, బ్రౌజర్‌లో వచ్చే వీడియోలు చాలావరకు అంతే. సినిమా ఫైల్‌ని మీడియాఇన్ఫో అనే, ఫైల్ వివరాలు చూపే ప్రోగ్రామ్‌లో తెరిస్తే ఛానెళ్లు 6 అని ఉండాలి. స్టీరియోని అన్నిటికీ పంచాలంటే డ్రైవర్‌లో స్పీకర్ ఫిల్ ఉంటే పెట్టుకోవచ్చు. అది సరదాకే, సినిమా చూసేటప్పుడు తీసేయడం మేలు. ఆప్టికల్ కేబుల్‌కి మారదామనే ఆలోచన కూడా వచ్చింది గానీ, అందులో కుదించని శబ్దం రెండు ఛానెళ్లకే పడుతుంది. సినిమాలోని డాల్బీ డిజిటల్ ట్రాక్ కుదించే ఉంటుంది కాబట్టి అందులో వెళ్తుంది, గేమ్ 5.1 మాత్రం దాన్ని అప్పటికప్పుడు కుదించే డాల్బీ డిజిటల్ లైవ్ లాంటి ఎన్‌కోడర్ లేకుండా వెళ్లదు. హెచ్‌డీఎంఐలో 8 ఛానెళ్లు నేరుగా వెళ్తాయి. రెంటిలో దేనికైనా ఈ సెట్ చాలదు, వేరే రిసీవర్ కొనాలి.

మిగిలింది

వెనక స్పీకర్లని కుర్చీకి పక్కగా, కాస్త వెనక్కి, ముందు దిశ నుంచి 100–120 డిగ్రీల మధ్య పెట్టాలి. ముందువి 30 డిగ్రీలు అటూ ఇటూ. దీనికి 5 మీటర్ల వైరు కావాలి. సెట్‌తో వచ్చిన వెంట్రుక లాంటి వైరుకి బదులు 0.75 చదరపు మి.మీ. రాగి వైరైతే రానూపోనూ నిరోధం 0.23 ఓమ్ దగ్గరే ఉంటుంది, 4 ఓమ్ స్పీకర్‌కి అది పర్వాలేదు. ఆ తర్వాత స్పీకర్స్ ప్రాపర్టీస్, లెవెల్స్, బ్యాలెన్స్‌లో ఆరు ఛానెళ్లకీ విడివిడిగా ఉన్న స్లైడర్లతో, కుర్చీలో తల ఉండే చోట ఫోన్ ఉంచి పింక్ నాయిస్‌తో (పరీక్షకి వాడే, జలపాతం హోరులాంటి శబ్దంతో) అన్నీ ఒకే మోత వచ్చేలా సరిచేయాలి. ఫోన్ యాప్ చూపే డెసిబెల్ అంకె ఎంతన్నది పట్టించుకోనక్కర్లేదు, ఐదు స్పీకర్లకీ ఒకే అంకె వస్తే చాలు. సబ్‌ని మాత్రం చెవితోనే పెట్టుకోవాలి, ఎందుకంటే ఫోన్ మైక్‌లు లోతైన బేస్‌ని సరిగా పట్టవు.