రెండు తుఫాన్లు, ఆరు నెలల మందులు

పోయినేడాది వానాకాలంలో సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. ఊపిరి గట్టిగా పీలిస్తే కుడి పక్కటెముకల్లో పొడిచినట్టుండేది. విశాఖ ఎంవీపీ కాలనీలో మా ఇల్లు మూడో అంతస్తు. ఎక్కుతూ మధ్యలో రెండుసార్లు ఆగాల్సి వచ్చాక గానీ ఎక్స్‌రే తీయించుకోలేదు. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందన్నారు. వీపు వైపు నుంచి సూది గుచ్చి తీస్తే ఎండుగడ్డి రంగు నీరు సీసాలోకి దిగింది. పరీక్షల్లో క్షయ అని తేలింది. "ఆరు నెలలు. ఒక్కరోజు కూడా మానొద్దు" అన్నారు డాక్టరుగారు.

మాత్రలు మొదలైన రోజు మూత్రం నారింజ రంగులో వచ్చింది. ముందే చెప్పారు, అయినా గుండె ఝల్లుమంది.

సైన్స్ ఫిక్షన్ నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. గాజువాకలో ఉండే మా మేనత్త కొడుకు వారానికోసారి వచ్చి, నేనడిగిన పుస్తకం మంచం మీద పెట్టి పోయేవాడు. మొదట అడిగింది ఆండీ వియర్ 'ది మార్షియన్'. అంగారకుడి మీద ఒంటరిగా మిగిలిపోయినవాడు బంగాళాదుంపలు పండించుకుంటూ, ఎన్ని తింటే ఎన్నాళ్లు బతుకుతానో లెక్క వేసుకుంటాడు. అక్కడి రోజు మనకంటే సుమారు 39 నిమిషాలు ఎక్కువ. మాత్రల అట్ట మీద రోజులు కొట్టేసుకుంటున్న నాకు ఆ లెక్కలు సొంతవాళ్ల మాటల్లా వినిపించాయి.

అందులో ఒక పెద్ద తప్పుంది. కథ మొదలయ్యేది తుఫానుతో. అంగారకుడి మీద గాలి సాంద్రత మన గాలిలో నూటికి ఒకటి రెండు వంతులే కాబట్టి, అక్కడి గాలికి మనిషిని ఎగరేసేంత బలం ఉండదు. రచయితే ఆ మాట ఒప్పుకున్నాడు. గాలి బలమంటే ఏంటో నాకు తెలుసు. 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుఫాను రోజున, మా మేడ మీది నీళ్ల ట్యాంకు పక్క వీధిలో తేలింది. అయినా ఆ తప్పును మనస్ఫూర్తిగా క్షమించాను. పెళ్లికి వంద అబద్ధాలైనా ఆడొచ్చంటారు. నవలకు మాత్రం ఒక్కటే, అదీ మొదట్లోనే. ఆ తర్వాత ప్రతి దుంపకూ లెక్క చెప్పాలి. ఆఖర్లో ఏ దేవుడో, కొత్త యంత్రమో వచ్చి గట్టెక్కిస్తే నాకు పుస్తకం చేదైపోతుంది.

మూడో నెలకి జ్వరం పోయింది, ఆకలి పుట్టింది. "బాగానే ఉన్నావు కదా, ఇంకా మందులెందుకు నాయనా?" అని పక్కింటి పిన్నిగారు అన్నారు. నాకూ అదే అనిపించింది. కానీ మధ్యలో ఆపితే మిగిలిన క్రిములు మందుకి లొంగకుండా తయారవుతాయని డాక్టరుగారు మొదటి రోజే చెప్పారు. ఒంట్లో బాగున్నంత మాత్రాన ఆ మాట మారదు.

అప్పుడు ఆర్థర్ క్లార్క్ 'రాండెవూ విత్ రామా' మళ్లీ చదివాను. 1973 నాటి నవల. సౌరమండలంలోకి వచ్చిన, రామా అనే ఓ పెద్ద గొట్టంలాంటి అంతరిక్ష నౌక, లోపల గడ్డకట్టిన సముద్రం. సూర్యుడికి దగ్గరయ్యేకొద్దీ వేడి బయటి పెంకు గుండా వచ్చి, మంచు అడుగు నుంచి కరుగుతుంది. గాలి వేడెక్కుతుంది కాబట్టి తుఫాను వస్తుందని ముందే హెచ్చరిక అందుతుంది, లోపలికి దిగిన మనుషుల కెప్టెన్ తనవాళ్లను బయటికి తెచ్చేస్తాడు. తీరంలో పుట్టి పెరిగినవాణ్ణి, ఆ పేజీలు ఒకటికి రెండుసార్లు చదివాను. తుఫానంటే అలా కారణంతో రావాలి.

కాలేజీ రోజుల్లో ఈ పుస్తకం మీద కోపమొచ్చింది. నౌకను ఎవరు కట్టారో, ఎందుకొచ్చిందో ఆఖరుదాకా చెప్పరు. ఈసారి ఆ కోపం రాలేదు. నాకీ జబ్బు ఎక్కడ అంటుకుందని ఎన్నో రాత్రులు ఆలోచించాను. బస్సులోనా, ఆఫీసులోనా? క్రిమి ఏళ్ల తరబడి ఒంట్లో నిద్రపోయి ఎప్పుడో లేవొచ్చట, ఎవరూ చెప్పలేరు. నౌక మనుషుల్ని పట్టించుకోకుండా వెళ్లిపోయిన చోట పుస్తకం మూసి, చాలాసేపు ఛాతీ మీదే పెట్టుకుని పడుకున్నాను.

మందులు అయిపోయిన వారం మా మేనత్త కొడుకూ నేనూ కైలాసగిరి కొండ మెట్లదారిన ఎక్కాం. ఒక్కసారే ఆగాను. పైన కూర్చుని, రామాలో వేల మెట్లుంటాయనీ, దిగేకొద్దీ మనిషి బరువు పెరుగుతుందనీ చెప్పాను.

"ఎందుకు పెరుగుతాది బావా?" అన్నాడు.

నౌక తన చుట్టూ తాను తిరగడం దగ్గర మొదలుపెట్టాను. దిగేసరికి చీకటి పడింది.