పాపకు తెలిసిన తెలుగు

కాకినాడ, 8 జనవరి 2026, గురువారం.

పాప మా ఇంటికి వచ్చి ఈ రోజుకు పది రోజులు. తెల్లవారుజామున నాలుగున్నరకు మెలకువ వచ్చి చూస్తే, తను అప్పటికే లేచి, పిడికిళ్ళు బిగించుకుని, పైకప్పు వంక నిశ్చలంగా చూస్తూ పడుకుని ఉంది. ఏడవదు. ఆకలి వేసినా వెంటనే ఏడవదు. మొదటి మూడు రోజులూ అందరం ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోయాము కాని, మేము పాపను దత్తత తెచ్చుకున్న శిశుగృహలోని ఆ గది, ఏడు ఊయలలు, ఇద్దరు ఆయాలు గుర్తుకు వచ్చిన తరువాత ఆ మురిపెం నాలో నిలవలేదు. ఆ ఇద్దరూ పిల్లలను ఎంత ఆపేక్షగా చూసుకుంటారో నేను కళ్ళారా చూశాను. అయినా ఏడుగురికీ ఒకేసారి ఆకలి వేస్తే చేతులు నాలుగే కదా. తన వంతు వచ్చేదాకా వేచి ఉండటం అయిదు నెలల పిల్ల నేర్చుకుంది. అందుకే ఇప్పుడు నేను తను ఏడ్చేదాకా ఆగటం లేదు. కళ్ళు తెరిచిందని తెలియగానే వెళ్ళి ఎత్తుకుంటున్నాను. ఒళ్ళో అలవాటు చేస్తే దిగదని మా అత్తగారు ఒకసారి అన్నారు. దిగకపోతే దిగకపోనివ్వండి అత్తయ్యా అన్నాను. ఆవిడ కాసేపు ఊరుకుని, మరునాటి నుంచి తెల్లవారుజామున తన మంచం మా గది గుమ్మం దగ్గరికి జరిపించుకున్నారు.

పాలు కలపటం ఇప్పుడు చేతికి వచ్చింది. మరగకాచి చల్లార్చిన నీళ్ళు 120 మిల్లీలీటర్లు, అంచుకు సమంగా గీసిన చెంచాలు నాలుగు. చెంచాకు 30 మిల్లీలీటర్ల లెక్క. మొదటి రాత్రి నేనూ మావారూ కలిసి మూడుసార్లు లెక్కపెట్టి, మూడు చెంచాలు వేశామో నాలుగు వేశామో తెలియక ఆ పాలు పారబోసి మళ్ళీ కలిపాము. ఆవుపాలు పట్టమని చూడవచ్చిన వాళ్ళలో నలుగురైనా చెప్పి ఉంటారు. ఏడాది నిండేదాకా వద్దని, ఆరు నెలలు నిండేదాకా ఉగ్గు కూడా వద్దని డాక్టరుగారు చెప్పారు కనుక, మా అమ్మ తెచ్చిన వెండి ఉగ్గుగిన్నె మరో మూడు వారాలు బీరువాలోనే ఉంటుంది. పాప బరువు 5 కిలోల 600 గ్రాములు. తక్కువే అయినా కంగారు పడవలసినంత కాదట. ఎడమ భుజం మీద బీసీజీ టీకా మచ్చ చిన్న పెసరగింజంత ఉంది. ఆరు, పది, పధ్నాలుగు వారాల టీకాలు అన్నీ అక్కడే వేయించారు. కార్డు మీద ప్రతి గడిలోనూ తేదీ ఉంది. ఇక తొమ్మిది నెలలు నిండాక తట్టు టీకాకు మేము తీసుకువెళ్ళాలి.

ఆ కార్డుతో పాటు మాకు ఇచ్చిన ఫైలులో వైద్య పరీక్ష నివేదిక, బిడ్డ అధ్యయన నివేదిక, ముద్రలు, సంతకాలు అన్నీ ఉన్నాయి. వాటన్నిటికంటే నాకు ఎక్కువగా పనికివస్తున్నది మాత్రం బయలుదేరే ముందు పెద్ద ఆయమ్మ నా చేతిలో పెట్టిన అరఠావు నోటుపుస్తకం కాగితం. మూడు గంటలకొకసారి పాలు. లైటు ఆపితే ఏడుస్తాది. ఎడమ పక్కకి తిప్పి చెవి కాడ తట్టాల. కొత్త గుడ్డ వేస్తే నిద్రపోదు, ఉతికిందే వేయండి. ఆమె మాట్లాడినట్టే రాసింది. ఆ ఊరు రాయలసీమలో ఉందని మాత్రం రాసుకుంటున్నాను. ఊరి పేరు ఈ డైరీలో కూడా రాయదలచుకోలేదు. అది పాపకు చెందిన విషయం. పెద్దదయ్యాక మొదట తనకే చెప్పాలి, తరువాత ఎవరికి చెప్పుకుంటుందో తన ఇష్టం.

మేము 2022 జూన్‌లో కేంద్ర దత్తత వనరుల సంస్థ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకున్నప్పుడు నాకు 35, మావారికి 37. దంపతుల వయస్సులు రెండూ కలిపి 85 దాటితే రెండేళ్ళలోపు బిడ్డను ఇవ్వరు కనుక, ప్రతి పుట్టినరోజుకూ ఆ కూడిక చేసుకునేవాళ్ళం. ఇంటికి వచ్చి విచారించి రాసిన నివేదిక గడువు మూడేళ్ళు. అది తీరిపోయి మళ్ళీ రాయించుకోవలసి వచ్చినప్పుడు మాత్రం నేను ధైర్యం కోల్పోయాను. గోడకు ఆనించి పెట్టిన ఊయల విడిభాగాలను అటక ఎక్కించమని మావారితో అన్నాను. ఆయన సరేనని, ఎక్కించలేదు. డిసెంబరులో ఒక సాయంత్రం ఫోనులో సందేశం వచ్చింది. చూసి నిర్ణయించుకోవటానికి 48 గంటలు ఇస్తారు. మాకు అన్ని గంటలు అక్కరలేకపోయింది.

చట్టం లెక్కలో తను ఇంకా పూర్తిగా మా బిడ్డ కాదు. ఇప్పుడున్నది దత్తతకు ముందటి సంరక్షణ. పూర్వం కోర్టు ఇచ్చే ఉత్తర్వును 2022 సెప్టెంబరు నుంచి జిల్లా మేజిస్ట్రేటు హోదాలో కలెక్టరుగారే ఇస్తున్నారు. అది వచ్చాక మా పేర్లతో జనన ధ్రువపత్రం వస్తుంది. పాప మా ఇంటికి వచ్చిన నాటి నుంచి రెండేళ్ళపాటు ఆరు నెలలకొకసారి అధికారులు వచ్చి పాపను చూసి వెళతారు. రానివ్వండి, ఎన్నిసార్లైనా రానివ్వండి. దత్తహోమం చేయించాలా అని అత్తగారు అడిగితే, 1956 నాటి హిందూ దత్తత చట్టమే హోమం తప్పనిసరి కాదన్నదని మావారు చెప్పారు. చట్టం కోసం కాదురా, నా తృప్తి కోసం అన్నారావిడ. ఆ తృప్తికి అడ్డు చెప్పాలని మాకెవరికీ అనిపించలేదు.

నిన్న ఒక దగ్గరి బంధువు ఫోను చేసి కుశలప్రశ్నలన్నీ అయ్యాక, ఏ కులమో కనుక్కున్నారా అని అడిగింది. పాప నా భుజం మీద నిద్రపోతూ ఉంది, దాని ఊపిరి నా మెడకు వెచ్చగా తగులుతోంది. మా కులమే అన్నాను. ఆ మాట అన్నాక చాలాసేపు నాకు కష్టంగా ఉంది. జవాబు తప్పని కాదు. అలాంటి ప్రశ్నకు జవాబు చెప్పినందుకు. మరొకసారి అడిగితే చెప్పను.

అయితే ఈ పది రోజులుగా నన్ను లోలోపల తొలిచేసినది ఆ ప్రశ్న కాదు. పిలిస్తే పాప నా వైపు తిరిగేది కాదు. గరిటె కిందపడితే ఉలిక్కిపడుతుంది, కుక్కరు కూత వేస్తే కళ్ళు పెద్దవి చేస్తుంది, నెలగంట పెట్టినప్పటి నుంచి వీధిలోకి వస్తున్న హరిదాసు చిడతల చప్పుడుకు చూపు గుమ్మం వైపు పోతుంది. కనుక చెవులకు లోపమేమీ లేదని డాక్టరుగారూ అన్నారు, నాకూ తెలుస్తూనే ఉంది. కాని బంగారుతల్లీ అని, చిట్టితల్లీ అని, ఎక్కడుందమ్మా మా అమ్మాయి అని నేను ఎన్ని విధాల పిలిచినా, ఎవరినో పిలుస్తున్నట్టు ఊరుకునేది. రాత్రివేళ లైటు వెలుగులో తనను చూస్తూ, నేను తనకు ఇంకా ఏమీ కానని అనుకునేదాన్ని. మావారికి చెప్పలేదు. ఆయన కూడా అదే అనుకుంటున్నారని ఈ రోజు తెలిసింది.

ఈ రోజు పదకొండు గంటలకు పై వాటాలో ఉంటున్న ఆవిడ పాపను చూడటానికి వచ్చింది. వాళ్ళది ప్రొద్దుటూరు, భర్తకు రైల్వేలో బదిలీ అయి దసరాకు ఇక్కడికి వచ్చారు. జలుబు చేసి ఉండటం వల్ల ఇన్నాళ్ళూ మెట్లు దిగలేదట. చేతిలో ఒక చిన్న ఉన్ని టోపీ పట్టుకుని, గుమ్మంలో ఇంకా చెప్పులు విప్పుతూనే, లోపలికి చూసి, “ఏమ్మే, యాడుండాది పాప?” అని కేక వేసింది.

చాప మీద పడుకుని ఉన్న పాప తల తిప్పింది. తిప్పి, గుమ్మం వంక చూసి, కాళ్ళు రెండూ ఎత్తి టపటపా కొట్టి, నోరంతా తెరిచి నవ్వింది. మా ఇంట్లో అది మొదటి నవ్వు. ఆవిడకు ఇవేమీ తెలియవు కనుక దగ్గరికి వచ్చి కూర్చుని, యాడుండావే, యాడ దాక్కున్యావే అంటూ ఆడించటం మొదలుపెట్టింది. ఒక్కొక్క మాటకూ పాప గొంతులో ఏదో గరగరమని బదులు పలుకుతూ ఉంది. నేను పాలసీసా పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మావారు వంటింటి గుమ్మంలో నుంచి చూసి, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయారు.

తను పుట్టిన నాటి నుంచి విన్న తెలుగు అది. స్నానం చేయించినప్పుడూ, పాలు పట్టినప్పుడూ, చెవి దగ్గర తట్టి నిద్రపుచ్చినప్పుడూ విన్నది ఆ యాస, ఆ దీర్ఘాలు. మా గోదావరి జిల్లా తెలుగు తనకు కొత్త ఊరి భాష. ఆయమ్మ రాసిన కాగితాన్ని రోజుకు పదిసార్లు చదివాను. గంటలు చూశాను, పక్క ఏదో చూశాను, గుడ్డ సంగతి చూశాను కాని, అందులో ఏడుస్తాది అని ఉన్నదనీ, చెవి కాడ అని ఉన్నదనీ, ఆ మాటల వరసే పాపకు ఇల్లు అనీ నాకు తట్టలేదు. నన్ను కాదనటం లేదని, నేను పిలుస్తున్నది తనకు తెలియటం లేదని ఇప్పుడు అర్థమైంది. ఆవిడకు ఈ మాట చెబితే కళ్ళనీళ్ళు పెట్టుకుని, రోజూ పొద్దున ఒక గంట వచ్చి కూర్చుంటానంది. ఆవిడ ఇద్దరు కొడుకులూ హాస్టల్లో చదువుకుంటున్నారు.

మధ్యాహ్నం శిశుగృహ సామాజిక కార్యకర్తకు ఫోను చేసి, ఆయమ్మ పాపను ఏమని పిలిచేదో కనుక్కోగలరా అని అడిగాను. సాయంత్రం ఆమే తిరిగి ఫోను చేసి చెప్పారు. ఫైలులో ఉన్న పేరు కాదు, రెండక్షరాల ముద్దు పేరు. బారసాల ఇంటికి వచ్చిన ఇరవై ఒకటో రోజున చేయాలని అత్తగారు పట్టుదలగా ఉన్నారు; మేము అనుకున్న పేరు ఆ రోజు బియ్యంలో రాస్తాము. ఈ రెండక్షరాల పేరు కూడా ఇంట్లో ఉంటుంది.

బుధవారం భోగి. భోగిపళ్ళకు రేగుపళ్ళు చిన్నవి చూసి తేవాలని, చిల్లర నాణేలు కడిగి తుడవాలని అత్తగారు మావారికి పురమాయించారు. రేపటి నుంచి ఆయనకు కాలేజీ. నాకు మాత్రం తపాలా శాఖ ఇచ్చే దత్తత సెలవు 180 రోజులు ఉంది. అందులో పది గడిచాయి.

రాత్రి తొమ్మిదిన్నరకు లైటు ఆర్పకుండా, ఉతికిన పాత చీర పరిచి, పాపను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాను. మావారు పెరట్లో బట్టలు తీస్తున్నారు. చెవి దగ్గర తడుతూ, ఆ రెండక్షరాల పేరు పెట్టి, యాడుండావే అన్నాను. నాకు ఆ దీర్ఘం సరిగా రాలేదు. పాప తల తిప్పి నా ముఖం వంక చూసింది. మళ్ళీ అన్నాను. పక్కగదిలో నుంచి అత్తగారు, “యాడ కాదమ్మాయ్, యా... డ, ఇంకొంచెం సాగదీయాలి, పొద్దున విన్నాను కదా” అన్నారు. మూడోసారి సాగదీసి అన్నాను.