అడుగున వేలాడే ఎర్ర దారం

అమెరికాలో పెరిగే మన పిల్లలకూ ఊళ్లో ఉన్న అమ్మమ్మకూ వీడియో కాల్‌లో మాటలు తొందరగా అయిపోతాయి. "తిన్నావా? స్కూల్ ఎలా ఉంది?" అంతే, ఫోన్ మళ్లీ మన చేతికి వచ్చేస్తుంది. మా ఇంట్లో ఆ మాటల్ని పెంచింది కుట్టు మిషన్. మా అమ్మ తెనాలిలో కాలితో తొక్కే మిషన్ మీద ఏళ్ల తరబడి జాకెట్లు కుట్టింది. ఇక్కడ మా పదకొండేళ్ల అమ్మాయికి కరెంటు మిషన్ కొన్నాం.

ఓసారి కుట్టు పైన చక్కగానే పడుతోంది. గుడ్డ తిప్పితే అడుగున దారం ఉచ్చులుగా వేలాడుతోంది. "కింద లూజుగా ఉంది కదా, బాబిన్‌దే ప్రాబ్లం" అని తేల్చేసింది అమ్మాయి. బాబిన్ అంటే గుడ్డ కింద ఉండే చిన్న దారపు చుట్ట, కింది దారం దాన్నుంచే వస్తుంది. అమ్మ కాదనలేదు. "పైన ఎర్ర దారం, బాబిన్‌లో తెల్ల దారం వేసి కుట్టు తల్లీ. వేలాడేది ఏ రంగో చెప్పు" అంది. వేలాడింది ఎర్రది! పైదారాన్ని బిగించాల్సిందేదో బిగించడం లేదన్నమాట. వెతికితే, దారం దాన్ని బిగబట్టే టెన్షన్ బిళ్లల మధ్య కూర్చోనే లేదు. గుడ్డను నొక్కిపట్టే మిషన్ పాదం దించి ఉండగా బిళ్లలు మూసుకుని ఉంటాయి, దారం లోపలికి దిగదు. పాదం ఎత్తి మళ్లీ ఎక్కించాక ఉచ్చులు పోయాయి.

ఆ జవాబు నేను యూట్యూబ్‌లో నిమిషంలో చూపించగలను. చూపిస్తే పిల్లకు దక్కేది రిపేరు మాత్రమే. అమ్మ పద్ధతి వేరు. ప్లగ్ తీయించి చక్రాన్ని చేత్తో తిప్పమంటుంది. "ఏమవుతుందో ముందు చెప్పు, తర్వాత తిప్పు." సూది మొత్తంగా గుడ్డ దాటి అవతలికి పోకుండానే ముడి ఎలా పడుతుందన్నది అలాగే తేలింది. సూది అడుగుదాకా దిగి కాస్త లేవగానే, దారం గుడ్డను పట్టుకుని సూదితో పాటు రాలేక ఉచ్చులా ఉబ్బుతుంది. కింద తిరిగే షటిల్ కొక్కెం ఆ ఉచ్చును అందుకుని బాబిన్ చుట్టూ తిప్పుతుంది. పైనున్న లివర్ పైదారాన్ని లాగేసరికి రెండు దారాలూ గుడ్డ మందంలో పెనవేసుకుంటాయి.

ఇదంతా జరుగుతున్నప్పుడు కెమెరా మిషన్ వైపు తిప్పనివ్వదు అమ్మ. "నాకు మాటల్లోనే కనబడాలి" అంటుంది. అందుకని ఏది దేన్ని నెట్టిందో, ఏది దేన్ని లాగిందో పిల్ల తెలుగులో వరుసగా చెప్పి తీరాలి. యేల్ యూనివర్సిటీ పరిశోధకులు రోజెన్‌బ్లిట్, కీల్ 2002లో ప్రచురించిన ప్రయోగాల్లో, జిప్పు, తాళం లాంటివి ఎలా పనిచేస్తాయో బాగా తెలుసనుకున్నవాళ్లు, అంచెలంచెలుగా వివరించమనేసరికి తమ అంచనా తామే తగ్గించుకున్నారు. మా అమ్మ ఆ ప్రయోగాల గురించి విననే లేదు. అయినా చేయించేది సరిగ్గా అదే. స్కూల్లో గీయించే బాణం గుర్తుల బొమ్మ కంటే నాకు ఈ చెప్పించడం మీదే నమ్మకం ఎక్కువ.

ఇప్పుడు అమ్మాయి తమ్ముడూ చేరాడు. సూది గుడ్డలో ఉండగా, పాదం కింద ఉండే మిషన్ పళ్లు గుడ్డను జరిపితే? గుడ్డ చిరుగుతుందని అక్క, సూది వంగుతుందని వాడు. చక్రం మెల్లగా తిప్పి చూస్తే, పళ్లు గుడ్డను జరిపేటప్పటికి సూది పైకి వచ్చేసి ఉంటోంది. ఆ రెంటికీ టైము కుదిర్చేది ఏమిటో చూడాలి, అడుగు మూత విప్పుదామంటున్నాడు వాడు. లోపల ఏముంటుందనుకుంటున్నాడో ముందు బొమ్మ గీసి పంపమంది అమ్మమ్మ.