లోపల ఓ పంపు, పర్సులో ఓ కార్డు

ప్రోస్టేట్ క్యాన్సర్ ఆపరేషన్ అయిన మగాళ్ళు ఆ సంగతి ఊరంతా చెప్పుకుంటారండీ, రోబోతో చేశారు, పీఎస్ఏ (ఆ క్యాన్సర్ జాడ చెప్పే రక్తపరీక్ష) ఇంతకి దిగింది అని వాకింగ్‌లో కూడా అదే కబురు. ఆ తర్వాత యూరిన్ ఆగక ప్యాడ్లు పెట్టుకుని తిరుగుతున్నాం అనే ముక్క మాత్రం ఒక్కడి నోట్లోంచీ రాదు. మా వాకింగ్ బ్యాచ్‌లో నాలాంటి కేసు ఇంకొకాయన ఉన్నారని నాకు తెలిసింది కూడా మాటల్లో కాదు, మెడికల్ షాపులో ఇద్దరం ఒకే సైజు డైపర్ల ప్యాకెట్ కోసం చెయ్యి చాపినప్పుడు. ఆయన నన్ను చూశారు, నేను ఆయన్ని చూశాను, ఇద్దరం వానల గురించి మాట్లాడుకుని ఎవరి దారిన వాళ్ళం వెళ్ళిపోయాం.

అందుకే ఇది రాస్తున్నా. రిటైరైన లెక్కల మాస్టార్ని, రాజమండ్రి, ఇక దాచుకోడానికి పెద్దగా ఏం లేదు.

అసలు ఎందుకు కారుతుందో మా డాక్టర్ కాగితం మీద బొమ్మ వేసి చెప్పారు. బ్లాడర్ కింద ప్రోస్టేట్ గ్రంథి, దాని మధ్యలోంచి యూరిన్ గొట్టం. యూరిన్‌ని ఆపే కండరాలు రెండు చోట్ల ఉంటాయి, ఒకటి బ్లాడర్ మెడ దగ్గర, అది మన ప్రమేయం లేకుండానే బిగిసి ఉంటుంది, రెండోది ప్రోస్టేట్‌కి కింద. ప్రోస్టేట్ తీసేటప్పుడు పైదాని పని దాదాపు అయిపోయినట్టే, ఇక భారమంతా కిందదాని మీద పడుతుంది. అది బలహీనపడితే దగ్గినా తుమ్మినా కుర్చీలోంచి లేచినా చటుక్కున కారిపోతుంది. చాలామందికి కొన్ని నెలల్లో, మహా అయితే ఏడాదిలో సర్దుకుంటుంది, కాబట్టి కొత్తగా ఆపరేషన్ అయినవాళ్ళు ఇది చదివి బెంగ పెట్టుకోకండి. నాకు సర్దుకోలేదు. పైగా పీఎస్ఏ మళ్ళీ 0.2 దాటేసరికి రేడియేషన్ కూడా ఇచ్చారు, దాంతో ఉన్న కాస్త పట్టు కూడా సడలింది.

ప్యాడ్ల బతుకు ఎలా ఉంటుందంటే, పొద్దున్న లేచేసరికి పర్లేదు, రాత్రంతా పడుకుంటాం కదా కండరానికీ రెస్ట్ దొరుకుతుంది, మధ్యాహ్నం దాటాక మొదలవుతుంది అసలు భాగోతం, సాయంత్రానికి కండరం అలిసిపోయి అడుగు తీసి అడుగు వేస్తే తడి. పెళ్ళిళ్ళకి తెల్ల పంచె మానేసి నల్ల ప్యాంటు వేసుకోవడం, హాల్లోకి వెళ్ళగానే ముందు బాత్రూమ్ ఎక్కడుందో చూసుకోవడం, పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలంటే భయం. మా తోడల్లుడు మంచి హాస్యగాడు, ఆయన జోకులు మొదలెడితే నేను ఏదో పనున్నట్టు పక్కగదిలోకి జారుకునేవాణ్ణి, నవ్వితే తడుస్తుంది మరి. కొంతమంది నీళ్ళు తాగడమే తగ్గించేస్తారు, దానివల్ల యూరిన్ చిక్కబడి మంట పుట్టడం తప్ప ఒరిగేదేం ఉండదు.

కెగెల్ ఎక్సర్‌సైజులు చేశాను, శ్రద్ధగానే చేశాను. కెగెల్ అనే అమెరికా డాక్టర్ 1948లో కాన్పులైన ఆడవాళ్ళ కోసం చెప్పిన కసరత్తులు ఇవి, ఫిజియోథెరపీ అమ్మాయి ఆ మాట చెప్తే నాకు భలే నవ్వొచ్చింది, నవ్వొచ్చినప్పుడు ఏమైందో మళ్ళీ చెప్పక్కర్లేదు. తర్వాత ప్యాడ్ టెస్ట్ అన్నారు, ఇరవై నాలుగ్గంటలు వాడిన ప్యాడ్లన్నీ తూచి, పొడి ప్యాడ్ బరువు తీసేస్తే ఎన్ని గ్రాములో దాదాపు అన్ని మిల్లీలీటర్లు కారినట్టు. మా ఆవిడ వంటింటి త్రాసు ముట్టుకోనివ్వలేదు, దానికోసం వేరేది కొనిపించింది. ఆ లెక్క చూశాకే డాక్టర్ ఇంప్లాంట్, అంటే ఒంట్లోపల అమర్చే సామాను, మాట ఎత్తారు.

ఇందులో రెండు దారులున్నాయి. కొద్దిగా, మధ్యస్థంగా కారేవాళ్ళకి స్లింగ్, అంటే యూరిన్ గొట్టం కింద ఒక మెష్ పట్టీ వేసి పైకి ఆనించి ఉంచుతారు, దాన్ని మనం నొక్కక్కర్లేదు తిప్పక్కర్లేదు. ఎక్కువ కారేవాళ్ళకీ, రేడియేషన్ అయినవాళ్ళకీ స్లింగ్ అంతగా పనిచెయ్యదు, వాళ్ళకి ఆర్టిఫిషియల్ స్ఫింక్టర్, అంటే యూరిన్‌ని ఆపే కండరం పని చేసిపెట్టే పరికరం. నాకు ఇదే అన్నారు. ఎక్కువగా వాడేది ఏఎంఎస్ 800 అనే మోడల్, 1983 నుంచీ అదే డిజైన్ మీద నడుస్తోంది. దాని మూలం ఇంకా పాతది, 1972లో హ్యూస్టన్‌లో బ్రాంట్లీ స్కాట్ అనే యూరాలజిస్ట్ మొదటిసారి పెట్టారు. బ్యాటరీ లేదు, చిప్ లేదు, మొత్తం సిలికాన్, సెలైన్ నీళ్ళు, ప్రెషర్, అంతే. లెక్కల మాస్టార్ని కదా, ఆ సింప్లిసిటీ నాకు బాగా నచ్చింది.

మూడు భాగాలు. యూరిన్ గొట్టం చుట్టూ ఒక కఫ్, బీపీ చూసేటప్పుడు చేతికి చుట్టే పట్టీ ఉంటుందే దాని పిల్ల అనుకోండి. పొట్టలో బ్లాడర్ పక్కన ఒక చిన్న బెలూన్. వృషణాల సంచిలో ఒక పంపు. కఫ్‌లో ఎప్పుడూ నీళ్ళు నిండి ఉండి గొట్టాన్ని నొక్కి పట్టుకుంటుంది. మనకి ఒకటికి వెళ్ళాలనిపించినప్పుడు చర్మం మీంచే పంపుని పట్టుకుని రెండు మూడుసార్లు నొక్కితే కఫ్‌లో నీళ్ళు బెలూన్‌లోకి పోతాయి, దారి తెరుచుకుంటుంది. ఆ తర్వాత మనం ఏం చెయ్యక్కర్లేదు, రెండు మూడు నిమిషాల్లో నీళ్ళు వాటంతటవే వెనక్కి వచ్చి కఫ్ మూసుకుంటుంది. పంపుని కుడిచేతి వాటం వాళ్ళకి కుడివైపు పెడతారు. ముందే డాక్టర్ నా వేళ్ళు చూశారు, పట్టు ఉందా, వణుకు ఉందా, మతిమరుపు ఉందా అని. వేళ్ళు పనిచెయ్యని మనిషికి ఇది పెట్టి లాభం లేదు.

ఆపరేషన్ సంగతి పెద్దగా చెప్పేదేం లేదు, ముందు లోపలికి కెమెరా పెట్టి గొట్టం ఎక్కడైనా సన్నబడిందేమో చూశారు, యూరిన్ కల్చర్, అంటే ఇన్ఫెక్షన్ ఉందేమో చూసే టెస్ట్, క్లీన్‌గా వచ్చేదాకా ఆపారు, షుగర్ కంట్రోల్‌లోకి తెమ్మన్నారు, ఎందుకంటే ఇన్ఫెక్షన్ వచ్చిందంటే మొత్తం సామానంతా బయటికి తీసెయ్యాలి. ఇన్సూరెన్స్ వాళ్ళు ఇది అవసరమా, సౌకర్యం కోసమా అని క్వెరీ పెట్టారు. లక్షల్లో ఉంటుంది మరి ఇంప్లాంట్ ఖరీదు. ఆ క్వెరీ రాసినాయన్ని తడి ప్యాడ్‌తో ఒక్క బస్సు ప్రయాణం చేయించాలనిపించింది, సర్లెండి, చివరికి కొంత ఇచ్చారు.

అందరికీ ముందే చెప్పాల్సిన విషయం ఒకటుంది. ఆపరేషన్ అవగానే తడి ఆగదు. వాపు, నొప్పి తగ్గేదాకా కఫ్‌ని తెరిచి లాక్ చేసి ఉంచుతారు, మామూలుగా ఆరు వారాలు. అన్నాళ్ళూ ప్యాడ్లే, కారడం కారుతూనే ఉంటుంది. ఇన్ని లక్షలు పోసి ఇదేంటి ఫెయిలైందా అని మా పెద్దక్క ఫోన్‌లో ఏడుపు. ఆరు వారాలయ్యాక ఓపీలో డాక్టర్ పంపుని గట్టిగా ఒక నొక్కు నొక్కారు, మత్తూ లేదు ఏం లేదు, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఆన్ అయింది. అక్కడే గట్టిగా దగ్గమన్నారు. ఏం రాలేదు. ఇంకోసారి దగ్గాను, నమ్మకం లేక.

అలాగని ఇక వయసులో ఉన్నప్పటిలా ఉంటుందనుకుంటే నిరాశే. బరువెత్తినా, తేడాగా కూర్చున్నా ఓ రెండు చుక్కలు పడతాయి, సన్న ప్యాడ్ ఒకటి ఇప్పటికీ పెట్టుకుంటా. డాక్టర్ల లెక్కలో రోజుకి ఒక ప్యాడ్ లోపు ఉంటే సక్సెస్ కిందే. మొదట్లో పంపు దొరక్క తడుముకోవడం, సగంలో కఫ్ మూసుకుపోతే మళ్ళీ నొక్కడం, ఇవన్నీ అలవాటవ్వాలి. బస్టాండ్‌లో వరసగా నిలబడే చోటికి నేను వెళ్ళను, తలుపున్న దాంట్లోకే వెళ్తా, లోపల చెయ్యిపెట్టి ఏదో నొక్కుకుంటున్న ముసలాణ్ణి చూసి జనం ఏమనుకుంటారో అని. గౌతమి ఎక్స్‌ప్రెస్ ఊగుతుంటే ఒక చేత్తో కడ్డీ, ఇంకో చేత్తో పంపు పట్టుకుని బ్యాలెన్స్ చెయ్యడం మాత్రం నాకింకా పూర్తిగా రాలేదు.

సైకిల్ తొక్కొద్దన్నారు, సీటు సరిగ్గా కఫ్ ఉన్నచోటే నొక్కుతుంది కాబట్టి. స్కూటర్ ఓకే. ఈత ఓకే, 2027 పుష్కరాలకి మూడు మునకలకి అడ్డేం లేదు. ఎమ్మారై కూడా తీయించుకోవచ్చు, ముందు చెప్పి.

ఇప్పుడు అసలు సంగతి. ఎవరికీ తెలియకూడదనే కదా ఈ ఆపరేషన్ చేయించుకునేది. తీరా చేయించుకున్నాక నలుగురికీ చెప్పి తీరాలి, లేకపోతే ప్రాణం మీదికొస్తుంది. పోయినేడు నాకు విపరీతమైన జ్వరం, వాంతులు, దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌లో పడేశారు, నేను సగం మత్తులో ఉన్నా. యూరిన్ ఎంత వస్తుందో కొలవాలని నర్సు క్యాథెటర్ (యూరిన్ బయటికి తీయడానికి గొట్టంలోకి ఎక్కించే ట్యూబు) ట్రే తెచ్చింది, ఆ అమ్మాయి తప్పేం లేదు, రోజూ చేసే పనే. మా ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి "ఆగమ్మా, ఆయనకి లోపల మెషీన్ ఉంది" అందట. డ్యూటీ డాక్టర్ వచ్చి ఏం మెషీన్, పేస్‌మేకరా అన్నాడట. పర్సులో ఇంప్లాంట్ కార్డు తీసి చూపిస్తే ఆయన హైదరాబాద్‌లో మా యూరాలజిస్ట్‌కి ఫోన్ చేసి కనుక్కున్నాడు, ఆ తర్వాత చాలా జాగ్రత్తగా చూసుకున్నాడు కూడా.

మూసి ఉన్న కఫ్‌లోంచి క్యాథెటర్ తోస్తే గొట్టం లోపల చీరుకుపోతుంది. తోసి అలాగే ఉంచేస్తే ఇటు ట్యూబు, అటు కఫ్, మధ్యలో గొట్టం గోడ నలిగి పుండుపడి కఫ్ లోపలికి చొచ్చుకొస్తుంది, అప్పుడిక మొత్తం తీసెయ్యడమే, రేడియేషన్ తిన్న ఒంటికి ఆ రిస్క్ ఇంకా ఎక్కువ. క్యాథెటర్ తప్పదంటే ముందు కఫ్ ఖాళీ చేసి లాక్ చెయ్యాలి, దానికి పంపు పక్కన చిన్న బటన్ ఉంటుంది. నొక్కీ నొక్కగానే కాదు, పంపులోకి కొంచెం నీళ్ళు తిరిగొచ్చాక నొక్కాలి, పూర్తి ఖాళీగా ఉన్నప్పుడు లాక్ చేస్తే మళ్ళీ ఆన్ చెయ్యడం కష్టమవుతుంది. క్యాథెటర్ కూడా సన్నది, తక్కువసేపు.

ఇదంతా మా ఆవిడకి తెలుసు, ఆన్ చేసిన రోజునే డాక్టర్ ఆవిణ్ణి కూడా లోపలికి పిలిచి బటన్ ఎక్కడుందో చూపించారు. సిగ్గుతో ఇద్దరం చచ్చాం. మా అబ్బాయికీ, అల్లుడికీ, ఎదురింటి కుర్రాడికీ కూడా చెప్పి ఉంచాను, ఎవరు ముందు హాస్పిటల్‌కి తీసుకెళ్తారో తెలీదు కదా. ఫోన్ తెర మీద తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ రాసి పెట్టా, క్యాథెటర్ వెయ్యొద్దు, ముందు ఈ నంబర్‌కి చెయ్యండి అని. వాకింగ్ బ్యాచ్‌లో కూడా చెప్పేశా, ఒక పొద్దున్న టీ తాగుతూ. ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు, తర్వాత ఆ మెడికల్ షాపులో ఎదురుపడిన ఆయన "పంపు అంటే ఎంత ఉంటుంది సైజు?" అని అడిగారు. మొన్న ఆయన్ని డాక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్ళా, కారడం తక్కువే కాబట్టి స్లింగ్ సరిపోవచ్చన్నారు.

ఈ సామాను జీవితాంతం ఉండేది కాదు, ఏడెనిమిదేళ్ళు, పదేళ్ళు పనిచేస్తే బాగా చేసినట్టు, ఎక్కడో నీళ్ళు లీకైనా, కఫ్ కింద గొట్టం పలచబడినా మళ్ళీ ఆపరేషన్. అక్కడ ఎర్రబడ్డా, నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి తడి పెరిగినా ఆలస్యం చెయ్యొద్దన్నారు. ఈలోపు నాకు మోకాలి చిప్ప మార్పిడి ఒకటి రాసిపెట్టి ఉంది, వచ్చే నెల. అందులో క్యాథెటర్ వేస్తారట మామూలుగా. ఎముకల డాక్టర్‌కి కార్డు చూపించా, మత్తు డాక్టర్‌కి వేరేగా చూపించా, ఆ రోజు థియేటర్‌లో యూరాలజిస్ట్ ఒకాయన ఉండి లాక్ చెయ్యాలని ఫైల్ మీద ఎర్ర ఇంకుతో రాయించుకునే దాకా కుర్చీలోంచి లేవలేదు.