అది ఆకు కాదు బావా

బావోళ్ల కొత్తింటి వసారాలో పరిచిన బండ మీద ఫెర్న్ ఆకుల మాదిరి నల్లటి కొమ్మలున్నాయి, వచ్చినోళ్లందరికీ చూపించి "కోట్లేళ్ల నాటి ఆకు, రాయిలో అచ్చుపడింది" అంటాన్నాడు. ఆకు కాదు బావా, పొరల మధ్య సందులోకి మాంగనీసు కలిసిన నీళ్లు దిగి అట్లా పేరుకుంది, డెండ్రైట్ అంటారు, ఈ బండ నర్జి సున్నపురాయి, ఇది ఏర్పడేటప్పటికి భూమ్మీద ఆకులే లేవు అన్నా. "నువ్వు చదువుకున్నావులేమ్మా" అని నవ్వేసి టీవీ పెట్టుకున్నాడు. ఇంత రాత్రయినా ఆ నవ్వే గుచ్చుకుంటాంది. వాదించినా బాగుండు, వంగి చూడనైనా చూళ్లేదే!

ప్రాణమున్నవి నిజంగా గుర్తు వదిలిపోయిన రాయి వేంపల్లెలో అవ్వ పెరట్లో ఉంది, గుడ్డలుతికే బండ. సబ్బు నురగ తోసేసి అవ్వ చెంబుడు నీళ్లు కుమ్మరిస్తే దాని అంచున గీతలు తేలేవి, లేత బూడిద, ముదురు బూడిద, వెంట్రుకంత సన్నటి పొరలు ఒకదాని మీదొకటి వంపు తిరిగి, క్యాబేజీని నిలువునా కోసినట్టు. నేను గీత వెంబడి వేలు పోనిస్తా కూచుంటే "ఏం చూస్తావే అంతసేపు, జాడించు" అనేది. కాలేజీకొచ్చినాక తెలిసింది స్ట్రోమటోలైట్ అని. లోతులేని సముద్రంలో సైనోబాక్టీరియా అనే సూక్ష్మజీవులు జిగటగా చాప మాదిరి పరుచుకుంటే దానికి బురద రేణువులు అంటుకునేవి, అది వెలుతురు కోసం మళ్లీ పైకి పాకేది, మళ్లీ పొర. గవ్వలు, ఎముకలు ఏమీ కనపడవు, జంతువులనేవి పుట్టకముందు సంగతి మరి. పులివెందుల దగ్గర దీని పై పొరల్లోకి చొచ్చుకొచ్చిన అగ్నిశిలకే 188 కోట్ల ఏళ్లు, ఇది అంతకన్నా పాతది. ఇది డోలమైట్, మెగ్నీషియం కలిసిన రాయి, కాబట్టి నీళ్లు కలిపిన యాసిడ్ చుక్క వేసినా సున్నపురాయి మాదిరి బుస్సున పొంగదు, మేకుతో గీకిన పొడి మీద వేస్తే సన్నగా బుడగలొస్తాయి. వంపు ఎటు ఉబ్బితే అది పైవైపు, ఆ లెక్కన అవ్వ బండను ఎవరో తలకిందులుగా వేసినారు.

బావను ఆదివారం వేంపల్లెకు లాక్కుపోయి ఆ బండ ముందర నిలబెట్టి ఒప్పించాలని సాయంత్రం దాకా అనుకున్నా. ఇప్పుడు వద్దనిపిస్తాంది. ఆయన పొద్దున్నే లేచి తడిగుడ్డతో ఆ బండొక్కటే తుడుస్తాడంట, అక్క చెప్పింది. కడపలో ఇంటింటా ఉండే బండను అంత ముద్దుగా చూసేటోడు ఇంకోడు యాడున్నాడు? ఉండనీ. పిల్లోడికి మాత్రం చెప్తా, వాడు బడిలో ఆకని రాసొస్తే ఊరుకోలేను.

ముందు చిన్నమామకు ఫోన్ చేయాల. ఉగాదికి పెరడంతా సిమెంటు చేయిస్తా అంటాన్నాడు, ఆ బండ జోలికి పోవద్దని గట్టిగా చెప్పాల.