నాలుగడుగుల పలక మీద ఒక షంటింగ్ యార్డు

నేను ఇంట్లో కట్టుకున్న మోడల్ రైల్వేలో రైలు ఏ ఊరికీ పోదు. నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న ప్లైవుడ్ పలక మీద ఒక చిన్న ఇంజను ఎనిమిది గూడ్సు వ్యాగన్లను ముందుకూ వెనక్కూ జరుపుతూ, అడిగిన ఐదింటిని అడిగిన వరుసలో నిలబెడుతుంది. అంతటితో ఆ పూటకు పని ముగుస్తుంది. గుండ్రంగా తిరిగే పట్టాలు వేయాలంటే నేను వాడే ఓఓ స్కేలులో (అసలు రైలులో 76వ వంతు పరిమాణం) అతి చిన్న వంపుకే రెండున్నర అడుగులకు పైగా వెడల్పు కావాలి. పైగా రైలు అలా తిరుగుతూ ఉంటే చూడడం తప్ప చేతికి పనేమీ ఉండదు. షంటింగ్‌లో, అంటే వ్యాగన్లను ఇలా అటూ ఇటూ మార్చి పేర్చే పనిలో, ప్రతి కదలికనూ ముందుగా ఆలోచించుకోవలసిందే.

ఈ నమూనా బ్రిటన్‌కు చెందిన అలన్ రైట్ 1970లలో రూపొందించిన ‘ఇంగిల్‌నుక్ సైడింగ్స్’. ఇందులో రెండే పాయింట్లు (పట్టా రెండుగా చీలే చోట్లు), మూడు సైడింగులు (వ్యాగన్లు నిలిపే పక్క పట్టాలు), వాటన్నిటికీ ఉమ్మడిగా ఒక షంటింగ్ నెక్ (ఇంజను వ్యాగన్లను బయటికి లాగే పట్టా) ఉంటాయి. ఒక సైడింగులో ఐదు వ్యాగన్లు, తక్కిన రెండింటిలో మూడేసి, నెక్‌లో ఇంజనుతో పాటు మూడు పడతాయి. అంతకు మించి ఒక్కటి కూడా పట్టకూడదు. మొత్తం పదకొండు చోట్లలో ఎనిమిది వ్యాగన్లు నిలిచి ఉంటే మిగిలేది మూడు ఖాళీలే. ఒక్కో వ్యాగనుకు ఒక్కో చీటీ రాసి, కలిపి, ఐదు తీస్తే ఆ రోజు కట్టవలసిన రైలు వరుస తేలుతుంది. అలాంటి వరుసలు 6,720 ఉన్నాయి.

ఇందులో చిక్కు ఎక్కడుందో ఒక చిన్న ఉదాహరణతో చెబుతాను. మూడు వ్యాగన్లున్న సైడింగులో మధ్యలో ఉన్నది కావాలనుకుందాం. ఇంజను వెళ్లి ముందున్న దానికి తగులుకుని, మధ్యదాన్ని కూడా కలిపి బయటికి లాగి, చివరిదాన్ని అక్కడే వదిలివేయాలి. ఆ తరువాత ఖాళీ సైడింగులోకి నెట్టి మధ్యదాన్ని విడిచిపెట్టి, చేతిలో మిగిలిన మొదటిదాన్ని పాత చోటికి చేర్చి, మళ్లీ వచ్చి కావలసిన దాన్ని అందుకోవాలి. ఒక్క వ్యాగను కోసం ఇంత తతంగం, అదీ ఒక సైడింగు ఖాళీగా దొరికినప్పుడే. రైలు కట్టవలసిన పొడవైన సైడింగే వేరే వ్యాగన్లతో నిండి ఉంటే ముందు దాన్ని ఖాళీ చేయాలి, అలా చేస్తే ఆ ఖాళీ సైడింగు కాస్తా పోతుంది.

అందువల్ల ఈ లేఅవుట్‌లో, అంటే పట్టాల అమరికలో, అన్నిటికంటే ముఖ్యమైన పనిముట్టు స్కేలుబద్ద. నా వ్యాగన్లన్నీ ఒకే రకానివి; కప్లింగులతో (వ్యాగన్లను జతచేసే కొక్కేలతో) కలిపి ఒక్కొక్కటి 90 మిల్లీమీటర్లు, ఇంజను 110. కాబట్టి నెక్ 380 మిల్లీమీటర్లు ఉండాలి. నేను వాడిన పాయింటు పొడవు 185. ఐదు వ్యాగన్ల సైడింగు మొదటి పాయింటు దగ్గరే విడిపోయేలా గీస్తే ఆ వైపు మొత్తం 1,015 మిల్లీమీటర్లు, రెండో పాయింటు దాటాక మొదలయ్యే పొట్టి సైడింగుల వైపు 1,020 అవుతుంది; రెండు వైపులా దాదాపు సమానం. పలకలో మిగిలే సుమారు 200 మిల్లీమీటర్లు వృథా కాదు. చివర బఫర్ స్టాపుకూ (పట్టా కొసన ఉండే అడ్డు), పక్కపక్క పట్టాల మీది వ్యాగన్లు ఒకదాన్నొకటి రాసుకోకుండా ఫౌలింగ్ మార్కు (వ్యాగను దాటి రాకూడని హద్దు) వరకు వదలవలసిన జాగాకూ అది కావాలి. సైడింగు పొడవును పాయింటు చివరి నుంచి కాక ఈ మార్కు నుంచే కొలవాలి.

ఈ అమరికలో ఒక దొంగదారి కూడా ఉంది. రెండు పొట్టి సైడింగుల మధ్య మారేటప్పుడు రెండో పాయింటు దాటితే చాలు కనుక, మొదటి పాయింటు పొడవు కూడా నెక్‌లో కలిసి మరో రెండు వ్యాగన్లకు చోటు దొరుకుతుంది. అది ఆటను చప్పగా చేస్తుంది. ఏ మార్పుకైనా మొదటి పాయింటు దాటి పూర్తిగా నెక్‌లోకి రావాలన్నది నేను పెట్టుకున్న నియమం.

అమెరికాకు చెందిన జాన్ అలెన్ రూపొందించిన ‘టైమ్‌సేవర్’ కూడా ప్రసిద్ధమైన షంటింగ్ నమూనాయే. దానిలో ఇంజను వ్యాగన్లను చుట్టివచ్చే లూపు ఉంటుంది, గడియారంతో పోటీ ఉంటుంది. తొందరపడితే ఇంజనును బొమ్మలా పరుగెత్తించడం తప్పదు కనుక అది నాకు అంతగా నచ్చదు. షంటింగ్ ఇంజను మనిషి నడక వేగంతో కదిలితేనే చూడముచ్చటగా ఉంటుంది.

ఆ వేగం సాధించడమే అసలైన శ్రమ. ప్లాస్టిక్ ఫ్రాగ్ ఉన్న పాయింట్ల మీద, పట్టాలు దాటుకునే ఆ చిన్న ముక్కకు కరెంటు అందదు. పెద్ద ఇంజను దాన్ని సునాయాసంగా దాటిపోతుంది గాని, నాలుగే చక్రాలున్న పొట్టి ఇంజను నెమ్మదిగా వస్తే అక్కడే నిలిచిపోతుంది. కాబట్టి లోహపు ఫ్రాగ్ ఉన్న పాయింట్లే తీసుకోవాలి. పాయింటు నాలుకలు పట్టాకు తాకడం వల్ల వచ్చే కరెంటును నమ్ముకోకుండా, నాలుకలను కదిపే కడ్డీకి ఒక చిన్న స్విచ్చు తగిలించి, ఫ్రాగ్‌కు ఏ పట్టా కరెంటు అందాలో దానితోనే మార్చాలి. పట్టా ముక్కలను కలిపే జాయినర్ల మీద కూడా ఆధారపడకుండా నెక్‌కు నేరుగా తీగ టంకం వేశాను. ఆ పైన పట్టాలనూ చక్రాలనూ ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవడం ఒక్కటే నిత్యకృత్యం. పలకను రసమట్టంతో సరిచూడడం మరవకూడదు, ఎందుకంటే కొద్దిపాటి వాలు ఉన్నా వదిలిన వ్యాగను దానంతటదే దొర్లిపోతుంది.

కప్లింగుల విషయంలో నా ఓటు అయస్కాంతంతో విడిపోయే కేడీ కంపెనీ రకానికే. పట్టాల కింద అయస్కాంతం ఉన్న చోట ఇంజను ఆగి, కొద్దిగా వెనక్కి నెట్టి బిగువు సడలిస్తే కొక్కేలు విడిపోతాయి. ఆ తరువాత వ్యాగనును తిరిగి తగులుకోకుండానే కావలసినంత దూరం నెట్టి వదిలిరావచ్చు. ఒక్కో సైడింగులో ఫౌలింగ్ మార్కుకు కాస్త లోపల ఒక్కో అయస్కాంతం చాలు. తేలికైన వ్యాగన్లు నెట్టినప్పుడు తగులుకోకుండా జారిపోతాయి. ఓఓ కంటే కాస్త చిన్నదైన హెచ్‌ఓ స్కేలు వ్యాగన్ల బరువుకు అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ సిఫారసు ఒక ఔన్సు, దానిపై ప్రతి అంగుళం పొడవుకూ అర ఔన్సు. ఆ లెక్కన మూడంగుళాల వ్యాగనుకు సుమారు 70 గ్రాములు అవుతుంది, నా ఓఓ వ్యాగన్లకు కూడా అది సరిపోయింది.

అలంకరణ గురించి చెప్పవలసింది కొంచెమే. గోదాము, గోడ, చెట్లు ఏవైనా వెనుక వైపే ఉండాలి. ముందు వైపు ఏది పెట్టినా కప్లింగులు కనబడవు, చేయి పోదు. బ్యాలస్టును (పట్టాల కింద పరిచే కంకరను) మాత్రం ప్రతి పాయింటూ, ప్రతి అయస్కాంతమూ కొన్ని వారాలు సరిగా పనిచేశాకే జిగురుతో అతికించాలి. ఒకసారి అది గట్టిపడితే పట్టాను మిల్లీమీటరు జరపడానికి కూడా వీలుండదు.